ఇచ్చిన ఇల్లు వాపస్ వస్తుందా? హిబా తారీఖ్‌లో ఒక పాత సవాల్

కొన్నాళ్ళ కిందట మా మొహల్లా మసీదులో మగ్రిబ్ నమాజ్ అయ్యాక, చెప్పుల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపారు. "బేటా, నువ్వు అఖ్బార్‌లో పనిచేస్తావు కదా. ఒక కాగజ్ చూసిపెట్టు" అన్నారు. ఇద్దరం వజూఖానా పక్కనున్న అరుగు మీద కూర్చున్నాం. జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టిన దస్తావేజు తీశారు. హిబానామా. ఎనిమిదేళ్ళ కిందట తన ఇంటిని పెద్ద కొడుకు పేర రాసి, రిజిస్ట్రీ చేయించి, తాళాలు కూడా చేతికిచ్చేశారట. ఇప్పుడు అదే ఇంట్లో ఆయన మంచం బయట సెహన్‌లో, రేకుల కింద ఉంది.

"కొడతాడా చాచా?" అని అడిగాను.

"తౌబా! కొట్టడు, తిట్టడు. మాట్లాడడం మానేశాడు. అన్నం ప్లేటు మనవడితో పంపిస్తాడు." కాసేపు ఊరుకుని అన్నారు: "ఇచ్చింది నేనే కదా బేటా. వాపస్ తీసుకోవచ్చా?"

నేను వకీల్‌ని కాను, ముఫ్తీని అంతకన్నా కాను. ఉర్దూ మీడియం బడిలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసి, రెండు జబానుల మధ్య అటూఇటూ తిరిగే మామూలు సహాఫీని. చదివి చెబుతాను చాచా అన్నాను. చదివితే తెలిసింది, ఆయన సవాల్ వయసు దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళు. దానికి మన ఇమాములు ఇచ్చిన జవాబులు రెండు. ఆ రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఉల్టా.

ఇచ్చేశాను అంటే సరిపోదు

ముందు హిబా అంటే ఏమిటో చూద్దాం. బదులుగా ఏమీ తీసుకోకుండా, బతికుండగానే, ఇప్పటికిప్పుడు ఒక వస్తువు మిల్కియత్‌ని ఇంకొకరికి ఇవ్వడం హిబా. దానికి మూడు కాళ్ళు. మొదటిది ఈజాబ్, అంటే ఇచ్చేవారు ఇచ్చానని చెప్పడం. రెండోది ఖబూల్, తీసుకునేవారు ఒప్పుకోవడం. మూడోది ఖబ్జా, అంటే వస్తువు తీసుకునేవారి స్వాధీనంలోకి వెళ్ళడం.

ఈ ఖబ్జా అనే మాట తెలుగులోకి వచ్చి ఎంత బద్‌నామ్ అయిందో చూడండి. కబ్జా అనగానే మనకు చెరువులు మింగినవాళ్ళు, గుట్టలు తవ్వినవాళ్ళు గుర్తొస్తారు. ఫిక్హ్ కితాబుల్లో మాత్రం అది పాక్ సాఫ్ మాట. ఖబ్జా లేకపోతే హిబా పూర్తికాదు. వంద కాగితాలు రాసినా, పదిమంది సాక్షుల ముందు పలికినా, ఇల్లు అప్పజెప్పకపోతే అది వాదా మాత్రమే. వాదా తప్పడం గునాహ్ కావచ్చు, కానీ మిల్కియత్ మారదు.

దీనికి తారీఖ్‌లో అందరికన్నా గొప్ప గవాహీ హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్(రజి) గారిది. ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఈ సంఘటన ఉంది. అబూబక్ర్(రజి) తన కూతురు, మన అమ్మీజాన్ ఆయిషా(రజి)కి, అల్ గాబా అనే చోట ఉన్న తన ఖజూర్ తోటనుంచి 20 వస్ఖుల పంట ఇస్తానన్నారు. కానీ ఆమె ఆ పళ్ళు కోయించుకోలేదు, తన ఆధీనంలోకి తెచ్చుకోలేదు. మౌత్ దగ్గరపడ్డాక వాలిద్ సాహెబ్ ఆమెను పిలిచి చెప్పిన మాటల సారాంశం ఇది: నా తర్వాత నువ్వు సుఖంగా ఉండాలన్నదే అందరికన్నా ఎక్కువగా నా కోరిక. అప్పుడే నువ్వు కోయించుకుని ఉంటే అది నీదయ్యేది. ఈరోజు అది వారసుల సొత్తు. నీ ఇద్దరు అన్నదమ్ములు, నీ ఇద్దరు అక్కచెల్లెళ్ళతో కలిసి అల్లాహ్ కితాబ్ ప్రకారం పంచుకోండి.

ఆయిషా(రజి) ఆశ్చర్యపోయారు. నాకున్న అక్క అస్మా ఒక్కతే కదా, రెండో ఆమె ఎవరు అని అడిగారు. నా బీవీ గర్భంలో ఉన్న బిడ్డ, ఆడపిల్లే అనుకుంటున్నాను అన్నారాయన. ఆడపిల్లే పుట్టింది. ఉమ్మె కుల్సూమ్.

ఈ రివాయత్ చదివిన ప్రతిసారీ నేను అక్కడ ఆగిపోతాను. ఇంకా పుట్టని కూతురి హిస్సా కోసం, అందరికన్నా ప్రియమైన కూతురికి ఇస్తానన్నదాన్ని ఆపిన తండ్రి ఆయన. ఇందులో రెండు సబఖ్‌లు ఉన్నాయి. ఖబ్జా జరగనంతవరకు ఇచ్చేవాడి చేయి పైనే ఉంటుంది, మానుకోవచ్చు. ఇది ఒకటి. రెండోది పుట్టని ఆడపిల్ల హక్కు గురించి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఖబ్జా అయ్యాక: ఇమాముల ఇఖ్తిలాఫ్

అసలు ముష్కిల్ ఖబ్జా అయ్యాకే మొదలవుతుంది. ఇచ్చేసిన హిబాను వెనక్కి తీసుకోవడాన్ని అరబీలో రుజూ అంటారు. మన తెలుగు రుజువు వేరు, ఈ రుజూ వేరు. రుజూ అంటే మరలడం.

దీని మీద ప్రవక్త(స) మాట చాలా సఖ్త్‌గా ఉంది. ఇచ్చిన దాన్ని వెనక్కి తీసుకునేవాడిని, కక్కిన దాన్ని మళ్ళీ నాకే కుక్కతో పోల్చారు. బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఈ హదీస్ ఉంది. ఇంకో రివాయత్ అబూదావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం ఎవరికీ జాయిజ్ కాదు, ఒక్క తండ్రికి మాత్రం తన బిడ్డకిచ్చిన దాంట్లో మినహాయింపు అని దాని భావం.

ఈ రెండో హదీస్‌ను ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ ఉన్నదున్నట్టుగా తీసుకున్నారు. వేరెవరూ రుజూ చేయకూడదు, వాలిద్ చేయొచ్చు. షర్తులు పెట్టారనుకోండి. షాఫయీల దగ్గర ఆ వస్తువు ఇంకా బిడ్డ మిల్కియత్‌లోనే ఉండాలి, అమ్మేసి ఉంటే తండ్రి చేతికి మళ్ళీ రాదు. తల్లికీ, తాతకూ ఈ హక్కు ఉందని కూడా వాళ్ళంటారు.

ఇమామ్ అబూ హనీఫా గారి మజ్హబ్ సరిగ్గా ఎదురు దిక్కులో నిలబడింది. వాళ్ళ లెక్కలో పరాయివాడికి ఇచ్చిన హిబాను వెనక్కి తీసుకోవచ్చు. మక్రూహ్, అంటే చెడ్డ పనే, కానీ ఖాజీ ఫైస్లాతోగానీ ఇద్దరి రజామందీతోగానీ సాధ్యమే. ఎందుకంటే పరాయివాడికి ఇచ్చేటప్పుడు మనసులో ఏదో బదులు ఆశ ఉంటుంది. అది దక్కకపోతే అడగొచ్చు. కానీ నికాహ్ హరామ్ అయ్యేంత దగ్గరి రక్తసంబంధికి, అంటే కొడుకు, కూతురు, అన్న, చెల్లి, వాళ్ళ పిల్లలు, ఇలాంటివారికి ఇస్తే రుజూ లేదు. అక్కడ ఇచ్చిన మక్సద్ సిలారహ్మీ, రక్తబంధాన్ని కలపడం. ఇచ్చిన క్షణంలోనే ఆ మక్సద్ పూర్తయిపోయింది. దాన్ని వెనక్కి లాగితే బంధమే తెగుతుంది.

మరి తండ్రికి మినహాయింపు ఇచ్చిన హదీస్ సంగతి? హనఫీ ఉలమా దాన్ని కాదనలేదు, వేరేలా అర్థం చేసుకున్నారు. తండ్రి అవసరంలో ఉంటే బిడ్డ మాల్ నుంచి తన ఖర్చుకు తీసుకోవచ్చు, హదీస్‌లోని మినహాయింపు అదే అన్నారు. ఈ పాయింట్ గుర్తుంచుకోండి. చాచా మస్లాకు ఇదే కీలకం.

రుజూకి అడ్డొచ్చే కారణాలను హనఫీ మదర్సాల్లో తల్బా ఏడు అక్షరాల గుర్తుతో కంఠస్థం చేస్తారు. ఇచ్చిన వస్తువుకు కలిసిపోయిన పెరుగుదల రావడం, అంటే ఖాళీ స్థలంలో ఇల్లు కట్టడం లాంటిది. ఇద్దరిలో ఒకరి మౌత్. ఇవజ్, అంటే బదులు పుచ్చుకోవడం. వస్తువు మిల్కియత్ దాటిపోవడం. మియాబీవీ రిష్తా. దగ్గరి రక్తసంబంధం. వస్తువు నాశనమైపోవడం. ఈ ఏడింటిలో ఏ ఒక్కటి ఉన్నా దారి మూసుకుపోతుంది. అల్లుడూ కోడలూ ఈ జాబితాలో లేరు. వాళ్ళు మహ్రమ్ అయినా రక్తసంబంధులు కారు. కజిన్ రక్తసంబంధి అయినా మహ్రమ్ కాదు. కాబట్టి హనఫీ ఫిక్హ్‌లో అల్లుడికిచ్చిన ఇల్లు అడిగి తెచ్చుకునే వీలుంది, కన్నకొడుక్కి ఇచ్చిన ఇల్లు కాదు!

కితాబుల నుంచి కచేరీలకు

ఈ ఫిక్హ్ మన దేశపు అదాలత్‌లలోకి ఎలా వచ్చింది? 12వ శతాబ్దంలో మర్గినానీ రాసిన హిదాయా హిందుస్తాన్‌లో హనఫీ చదువుకు పునాది. 17వ శతాబ్దంలో ఔరంగజేబ్ హుకుంతో షేఖ్ నిజామ్ బుర్హాన్‌పురీ ఆధ్వర్యంలో ఉలమా కూర్చుని ఫతావా ఆలంగీరీ తయారుచేశారు. మొఘల్ ఖాజీల చేతుల్లో ఉన్నవి ఇవే.

1772లో వారెన్ హేస్టింగ్స్ బెంగాల్‌లో అదాలత్‌లు పెట్టినప్పుడు, వారసత్వం, వివాహం లాంటి విషయాల్లో ముసల్మానులకు ఖురాన్ ప్రకారం ఫైస్లా ఇవ్వాలన్నాడు. ఇంగ్లీష్ జడ్జిలకు అరబీ రాదు. అందుకే మౌల్వీలతో హిదాయాను ముందు ఫార్సీలోకి మార్పించి, దాని నుంచి చార్లెస్ హామిల్టన్ చేత ఇంగ్లీషులోకి తర్జుమా చేయించారు. 1791లో అచ్చయింది. అరబీ నుంచి ఫార్సీ, ఫార్సీ నుంచి ఇంగ్లీషు. మన ఇళ్ళ తగాదాలు చాలాకాలం ఈ తర్జుమా తర్జుమా మీదే తెగాయి. కోర్టులో జడ్జి పక్కన కూర్చుని మస్లా చెప్పే ఖాజీలు, మౌల్వీలను 1864 చట్టంతో తీసేశారు. ఆ తర్వాత 1865లో నీల్ బెయిలీ ఫతావా ఆలంగీరీ ఆధారంగా రాసిన డైజెస్ట్, సయ్యద్ అమీర్ అలీ పుస్తకం, పార్శీ అయిన దిన్షా ముల్లా పుస్తకం వకీళ్ళ బల్లల మీదికి వచ్చాయి. ఇవాళ్టికీ ముల్లా పుస్తకం లేని సివిల్ వకీల్ ఆఫీసు అరుదు.

హిబా మీద పెద్ద పెద్ద ఫైస్లాలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ నుంచి వచ్చాయి. 1867లో నవాబ్ అమ్జద్ అలీ ఖాన్ కేసులో ఒక తండ్రి సర్కారీ ప్రామిసరీ నోట్లు కొడుక్కి ఇచ్చేసి, వాటి మీద వచ్చే ఆమ్దనీ మాత్రం తాను బతికున్నన్నాళ్ళు తనకే రావాలన్నాడు. హిబా చెల్లుతుంది, ఆ షర్త్ కూడా నిలబడుతుంది అన్నారు జడ్జిలు. అసలు వస్తువును ఐన్ అంటారు, దాని ఫలాలను మునాఫె అంటారు. ఐన్ ఇచ్చేసి మునాఫె తన దగ్గర పెట్టుకోవచ్చన్నది ఆ ఫైస్లా సారం. 1875లో ఇంకో కేసులో, నాబాలిగ్ బిడ్డకు తండ్రి హిబా చేస్తే వేరుగా ఖబ్జా అప్పజెప్పే పని లేదని తేల్చారు. బిడ్డకు సర్‌పరస్త్ తండ్రే కదా, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారాలి?

1882లో ఆస్తి బదిలీ చట్టం వచ్చింది. స్థిరాస్తిని బహుమతిగా ఇస్తే రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షులు తప్పనిసరి అని 123వ సెక్షన్, రాసుకున్న షర్త్ ఉంటే తప్ప ఇచ్చేవాడి ఇష్టం మీద రద్దు కాదని 126వ సెక్షన్ చెప్పాయి. 129వ సెక్షన్ మాత్రం ఈ అధ్యాయం ముస్లింల హిబా నియమాలను తాకదని అంది. 1937 షరీఅత్ చట్టం హిబాను కూడా తన జాబితాలో చేర్చింది, కానీ వ్యవసాయ భూమిని పక్కన పెట్టింది. 1949లో మద్రాసు శాసనసభ తన ఇలాఖాలో ఆ మినహాయింపును తీసేసింది. ఇప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి.

మన దగ్గర నుంచే వెళ్ళిన ఒక కేసు 2011లో ఢిల్లీలో తేలింది. 1968లో ఒక తండ్రి ఒక కొడుక్కి కాగితం మీద హిబా రాసిచ్చాడు. రిజిస్ట్రేషన్ కాలేదు. మిగతా వారసులు కోర్టుకెక్కారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కాగితం రాశారు కాబట్టి రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే అంది. సుప్రీంకోర్టు కాదంది. ఈజాబ్, ఖబూల్, ఖబ్జా మూడూ ఉంటే హిబా నోటిమాటతోనూ పూర్తవుతుంది, రాసినంత మాత్రాన దాని స్వభావం మారదు అని చెప్పింది. నలభై ఏళ్ళు దాటిన తగాదా. ఒక్క కాగితం మీద ఒక ఖాందాన్ తరం మారిపోయింది.

చార్మినార్ దగ్గర ఒకటి, బార్కస్‌లో ఒకటి

1841లోనే ప్రివీ కౌన్సిల్ ఒక ఉసూల్ పెట్టింది. షియాల మస్లా షియా ఫిక్హ్‌తో తేల్చాలి, సున్నీలది సున్నీ ఫిక్హ్‌తో. సున్నీ అంటే హనఫీయే అని కోర్టులు ముందుగా అనుకుంటాయి, కాదంటే చూపించుకోవాలి. మనలో అత్యధికులు హనఫీలే కనుక దీన్ని ఎవరూ పట్టించుకోరు.

కానీ హైదరాబాద్‌లో బార్కస్ ఉంది. నిజాం ఫౌజ్‌లో కొలువుకని యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల ఔలాద్ అక్కడ ఉన్నారు. వాళ్ళది షాఫయీ మజ్హబ్. కేరళ మాప్పిళ్ళలు, భట్కల్ నవాయత్‌లూ అంతే. ఆలోచించండి. చార్మినార్ దగ్గరి హనఫీ అబ్బా కొడుక్కి ఇల్లిచ్చి అప్పజెప్పాక, ఫిక్హ్ ప్రకారం వాపస్ అడగలేడు. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో బార్కస్ అబ్బా అడగొచ్చు. ఇద్దరూ ఒకే ప్రవక్త(స) హదీస్‌నే చదివారు. ఇద్దరిదీ దీనే. మన దగ్గర ఎవరైనా "షరీఅత్ ఇంతే, ఒకే మాట" అని బల్లగుద్ది చెబితే, ఈ ఉదాహరణ గుర్తుచేసుకోండి.

ఇంకో గలత్‌ఫహ్‌మీ కూడా ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళి హిబా రద్దు అని ఇంకో దస్తావేజు రాయిస్తే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఖబ్జా అయిన హిబాలో రుజూ చేయగలిగిన రిష్తా అయినా, అవతలివాడు ఒప్పుకోకపోతే కోర్టు డిక్రీ కావాలి. ఒంటిచేత్తో రాసుకున్న రద్దు కాగితం ఇంకో కేసుకు బీజం మాత్రమే.

ఖబ్జాయే కాలేదని నిరూపిస్తే కథ వేరు. అది రుజూ కాదు, అసలు హిబాయే జరగలేదన్నమాట. అందుకే కోర్టుల్లో కొట్లాట అంతా అక్కడే. పన్ను ఎవరి పేర కట్టారు, కరెంటు మీటరు ఎవరిది, కిరాయి ఎవరు వసూలు చేశారు? తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉంటే తండ్రి మూటాముల్లే సర్దుకుని బయటికి వెళ్ళాల్సిన పనిలేదని, ఇచ్చిన నియ్యత్ స్పష్టంగా కనబడితే చాలని కోర్టులు చెప్పాయి. చాచా తాళాలు ఇచ్చారు, పన్ను పుస్తకంలో పేరు మార్పించారు. ఆ తలుపు మూసుకున్నట్టే.

2007 తర్వాత కొత్త తలుపు

2007లో పార్లమెంటు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. ఇది అన్ని మతాలవారికీ ఒకటే. 60 ఏళ్ళు నిండినవారు, ఈ చట్టం అమల్లోకి వచ్చాక, తమ కనీస అవసరాలు చూసుకోవాలన్న షర్త్ మీద ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాడు చూడకపోతే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు లెక్కగట్టి రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఇది 23వ సెక్షన్. మన జిల్లాల్లో ఆ ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో. వకీల్ అవసరం లేదు, అర్జీ సాదాగా రాసి ఇవ్వొచ్చు. వేరే చట్టాల్లో దీనికి విరుద్ధంగా ఏమున్నా ఈ చట్టానిదే పైచేయి అని కూడా అందులోనే రాసి ఉంది.

తిరకాసు ఆ షర్త్ దగ్గర ఉంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, చూసుకోవాలన్న షర్త్ ఉందని చెప్పి, దాన్ని చూపించకపోతే 23వ సెక్షన్ పనిచేయదు అంది. 2025 జనవరి 2న ఇంకో కేసులో, మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లికి ఇల్లు తిరిగి ఇప్పించింది. అక్కడ కొడుకు చూసుకుంటానని, లేకపోతే తల్లి వెనక్కి తీసుకోవచ్చని వేరే కాగితం రాసిచ్చి ఉన్నాడు. ఈ చట్టం పెద్దలకు మేలు చేయడానికి పుట్టింది, దాన్ని ఉదారంగా చదవాలి అని కోర్టు చెప్పింది.

చాచా హిబానామాను మళ్ళీ చదివాను. ప్రేమతో, సంతోషంతో ఇస్తున్నానని ఉంది. చూసుకోవాలని ఒక్క మాట లేదు. "కన్నకొడుకు దగ్గర షర్త్ రాయించుకుంటారా బేటా, సిగ్గు కాదా?" అన్నారాయన.

హనఫీ ఫిక్హ్‌లో మామూలుగా హిబాకు అడ్డదిడ్డం షర్త్ పెడితే షర్త్ కొట్టుకుపోతుంది, హిబా నిలబడుతుంది. అందుకేనేమో మన పెద్దలకు షర్త్ రాయించే అలవాటు లేదు. కానీ మునాఫె తన దగ్గరే ఉంచుకోవచ్చని 1867 నుంచీ ఉంది. బతికున్నన్నాళ్ళు ఈ ఇంట్లో ఫలానా గదిలో ఉండే హక్కు, కింది దుకాణం కిరాయి నాదే అని రాసుకోవడంలో సిగ్గేమీ లేదు.

ఇప్పుడు నేను గుర్తుంచుకోమన్న పాయింట్. హనఫీ ఫిక్హ్ తండ్రికి ఇల్లు వాపస్ ఇవ్వలేదు, కానీ నఫఖా ఇచ్చింది. తంగ్‌దస్త్ అయిన వాలిదైన్ ఖర్చు, స్తోమత ఉన్న ఔలాద్ మీద వాజిబ్. ఇల్లు ఇచ్చాడా లేదా అన్నదానితో దానికి సంబంధమే లేదు. 2007 చట్టం కూడా అదే మాట అంటుంది. షర్త్ రాయించుకోకపోయినా, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు ట్రిబ్యునల్ ద్వారా పోషణ ఖర్చు అడగొచ్చు. చాచాకు ఇల్లు రావడం కష్టం. రేకుల కింది నుంచి లోపలి గదికి మంచం మారడం, నెలనెలా ఖర్చు అందడం, ఇవి ఆయన హక్కు. దీన్ తరఫునుంచీ హక్కే, ఖానూన్ తరఫునుంచీ హక్కే.

నేను అడగాల్సి వచ్చిన మాట

ఇవన్నీ చెప్పడానికి వెళ్ళిన రోజు, చాచాను నేను ఒక మాట అడిగాను. "మీకు ఇంకా పిల్లలున్నారా?"

ముగ్గురు బేటీలు, ఇంకో కొడుకు. బేటీలకు షాదీలు అయిపోయాయి, జహేజ్ ఇచ్చాం అన్నారు. చిన్న కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, వాడికి అవసరం లేదన్నారు. హిబా ఎందుకు చేశారు చాచా అంటే, తర్వాత గొడవలు రాకూడదని అన్నారు. తర్వాత గొడవలు అంటే అర్థం మనందరికీ తెలుసు. కూతుళ్ళు మీరాస్‌లో హిస్సా అడగకూడదని.

ఇక్కడే నుఅమాన్ బిన్ బషీర్(రజి) గారి హదీస్ నన్ను పట్టుకుంది. ఆయన వాలిద్ ఆయనకొక్కడికే ఒక గులామ్‌ను ఇచ్చారు. తల్లి అమ్రా బింత్ రవాహా, దీనికి ప్రవక్త(స)ను గవాహ్‌గా పెట్టందే నేనొప్పుకోను అంది. ప్రవక్త(స) అడిగింది ఒకే ప్రశ్న: నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా? లేదన్నారు తండ్రి. అల్లాహ్‌కు భయపడమని, ఔలాద్ మధ్య ఇన్సాఫ్ చేయమని చెప్పారు. బషీర్ వెనక్కి వెళ్ళి ఆ హిబాను వాపస్ తీసుకున్నారు.

చూడండి, తండ్రి బిడ్డ దగ్గర్నుంచి ఇచ్చింది తిరిగి తీసుకున్న ఈ ప్రసిద్ధ ఘటనలో కారణం కొడుకు చూసుకోకపోవడం కాదు. మిగతా పిల్లలకు ఇవ్వకపోవడం. ఇమామ్ అహ్మద్ దీన్ని బట్టి పిల్లల మధ్య బరాబరీ వాజిబ్ అన్నారు. హనఫీలు ముస్తహబ్ అన్నారు, అంటే హిబా చెల్లుతుంది గానీ నష్టం చేయాలన్న నియ్యత్‌తో చేస్తే మక్రూహ్. ఇక బతికుండగా ఇచ్చేదాంట్లో కొడుక్కీ కూతురికీ సమానంగా ఇవ్వాలన్నది ఇమామ్ అబూ యూసుఫ్ గారి మాట. మీరాస్‌లో ఒకటికి రెండు అని తెలిసినవాళ్ళు, హిబాలో ఒకటికి ఒకటి అన్న హనఫీ ఇమామ్ మాటను మాత్రం ఎప్పుడూ వినలేదు. ఎందుకు వినలేదు?

ఈ మాట ఇంకొకరి మీద రాసి తప్పుకోలేను. మా దాదా కూడా ఇంటిని ఇద్దరు కొడుకుల పేర హిబా చేశారు. అందులో ఒకరు మా అబ్బా. నేను పుట్టి పెరిగిన గది ఆ హిబాలోదే. మా ఫుప్పీలు ఇద్దరు ఈద్‌కు వచ్చేవాళ్ళు, సేవయ్యా తిని, మా చేతిలో ఈదీ పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆ ఇంట్లో వాళ్ళకు మెహ్మాన్‌ల హోదా మాత్రమే మిగిలింది. ఒక ఫుప్పీ వెళ్ళేటప్పుడు గడప దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడేది. చిన్నప్పుడు చెప్పులు వెతుక్కుంటోంది అనుకునేవాణ్ణి.

మన్‌సూబాలు ఉన్న అబ్బాలకు, అమ్మీలకు నేను తెలుసుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాను. మీరు హనఫీ అయితే, బిడ్డకు ఇల్లు అప్పజెప్పాక ఫిక్హ్ దాన్ని మీకు తిరిగి ఇవ్వదు. కాబట్టి ఇచ్చే ముందే ఆలోచించండి, ఇచ్చాక కాదు. ఇవ్వాల్సే వస్తే ఉండే హక్కు, కిరాయి, చూసుకోవాలన్న షర్త్ రాసి ఇవ్వండి. మర్జుల్‌మౌత్‌లో, అంటే ప్రాణం తీసే జబ్బులో చేసిన హిబా వసీయత్ లాంటిదే. మిగతా వారసుల ఒప్పుదల లేకుండా ఒక వారసుడికి అది నడవదు. అన్నిటికన్నా తేలికైన దారి ఏమీ రాయకపోవడం. అల్లాహ్ పంచిపెట్టిన మీరాస్ ఎలాగూ ఉంది. అందులో మీ కూతురు కూడా ఉంది.

చాచా అంతా విన్నారు. ఆర్డీవో ఆఫీసుకు అర్జీ రాసిపెడతానన్నాను, పోషణ ఖర్చు కోసం. వద్దు, ముందు పెద్దవాణ్ణి, బేటీలను, అందరినీ ఒకసారి కూర్చోబెడతాను అన్నారు. గల్ఫ్ అబ్బాయిని ఫోన్‌లో పెడతానన్నారు. కాగితాన్ని మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగారు:

"పెద్దవాడు సగం ఇల్లు చెల్లెళ్ళకు రాసిస్తే, అది కూడా హిబాయేనా బేటా?"

"హిబాయే చాచా."

"దాన్ని కూడా వాడు వాపస్ తీసుకోలేడా?"

"తీసుకోలేడు. చెల్లెళ్ళు కదా."

ఆయన చాలా రోజుల తర్వాత నవ్వినట్టున్నారు. ఇషా అజాన్ అయింది. ఇద్దరం లేచి వజూకు వెళ్ళాం.